తోక తగ్గింది సరే, ఎక్కడ తగ్గింది?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక ఫార్వర్డ్ తిరిగింది. కీమో చేయించుకునేవాళ్లు రోజూ పరగడుపున ఫలానా ఆకురసం తాగితే మందు వల్ల డీఎన్ఏకి జరిగే డ్యామేజ్ తగ్గుతుందట. ఎలుకల్లో శాస్త్రీయంగా నిరూపించారట. కింద ఒక పేపరు లింకు కూడా ఉంది. ఇలాంటి ఫార్వర్డుల్లో లింకు ఉండటమే అరుదు, నొక్కితే తెరుచుకోవడం ఇంకా అరుదు. ఇది తెరుచుకుంది. పేపరు నిజంగానే ఉంది. బార్ గ్రాఫులు, వాటి నెత్తిన చుక్కలు (తేడా కాకతాళీయం కాదని చెప్పే గుర్తులు), మైక్రోస్కోపు ఫొటోలు అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

గ్రూపులో చాలామంది దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. మా పిన్ని ఊరుకోలేదు. ఆవిడకి రొమ్ము క్యాన్సర్, అప్పటికి కీమో సగంలో ఉంది. ఫోన్ చేసి, "నువ్వు ఆ ల్యాబులో ఎలుకల మీద చేసింది ఇదే కదే? చెప్పు, తాగొచ్చా, వద్దా?" అని అడిగింది.

"డాక్టరుగారిని అడక్కుండా ఏదీ తాగకు పిన్నీ" అన్నాను.

"ఆ మాట ఎవరైనా చెప్తారు. పేపరు తప్పంటావా?"

తప్పని అనలేకపోయాను. వాళ్లు చూసింది చూసినట్టే రాసి ఉండొచ్చు. నా గొడవ వేరే ఉంది. దాన్ని ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పడం నావల్ల కాలేదు. అందుకే ఈ పోస్టు.

ఈ రకం పేపర్లు హైదరాబాదులో టాక్సికాలజీ ల్యాబులో పనిచేసిన రోజుల్లోనే చాలా చదివాను. వరస ఒకటే. ఆరోగ్యంగా ఉన్న స్విస్ ఆల్బినో చిట్టెలుకల్ని గ్రూపులుగా విడదీస్తారు. ఒక గ్రూపుకి ఏమీ ఇవ్వరు, ఒకదానికి కీమో మందు మాత్రమే, ఒకదానికి ఆకురసం మాత్రమే, మిగతావాటికి రెండూ కలిపి వేరువేరు డోసుల్లో. మందు ఎక్కువగా సైక్లోఫాస్ఫమైడ్, లేకపోతే సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్. ఆ తర్వాత ఎముక మజ్జ, కాలేయం, కిడ్నీ తీసి డీఎన్ఏ ఎంత దెబ్బతిందో కొలుస్తారు. మందు ఒక్కటే ఇచ్చిన గ్రూపులో డ్యామేజ్ ఎక్కువ, రసం కలిపిన గ్రూపుల్లో తక్కువ. చివరి పేరాలో, కీమో తీసుకునేవారికి ఇది సహాయకంగా పనికిరావచ్చు అని ఒక వాక్యం. ఆ ఎలుకల్లో ఒక్కదానికి కూడా క్యాన్సర్ ఉండదు.

నేననేది ఇది. ఆరోగ్యంగా ఉన్న కణజాలంలో డ్యామేజ్ తగ్గిందని చూపించే ప్రయోగం, అదే జంతువులోని కణితిలో ఏమైందో చూపించకపోతే, క్యాన్సర్ పేషెంటు గురించి ఏమీ చెప్పనట్టే. కొంచెం చెప్పినట్టు కూడా కాదు. ఆ చివరి వాక్యాన్ని పత్రికల ఎడిటర్లు కొట్టేయాలి, జంతు ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీలు అలాంటి డిజైన్లను వెనక్కి పంపాలి. ఇది కాస్త కటువైన అభిప్రాయమని తెలుసు. ఎందుకు ఇంత దూరం వెళ్తున్నానో చెబుతాను.

స్లైడ్ మీద కనిపించేది

డీఎన్ఏ ఎంత తెగిందో ఎక్కువగా కొలిచేది కామెట్ అస్సే అనే పరీక్షతో. అది తెలియనివారి కోసం క్లుప్తంగా. కణాల్ని గోరువెచ్చని అగరోజు అనే జెల్లీలో కలిపి స్లైడ్ మీద పల్చగా పరుస్తారు. ఉప్పు, డిటర్జెంట్ ఉన్న ద్రావణంలో కణం పొరలు కరిగిపోయి డీఎన్ఏ ముద్ద మాత్రం మిగులుతుంది. పీహెచ్ 13 దాటిన క్షారంలో దాని రెండు పోగులు విడిపోతాయి. అప్పుడు కరెంటు ఇస్తే, తెగిన చోట్ల వదులైన డీఎన్ఏ పాజిటివ్ వైపుకి సాగుతుంది. రంగు వేసి చూస్తే తల, తోక ఉన్న తోకచుక్కలా కనిపిస్తుంది. తెగిన చోట్లు ఎక్కువుంటే తోకలో డీఎన్ఏ శాతం ఎక్కువ. ఈ క్షార పద్ధతిని నరేంద్ర సింగ్, ఆయన సహచరులు 1988లో ప్రచురించారు. జంతువుల కణజాలాల్లో దీన్ని ఎలా చేయాలో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2014లో 489 నంబరు గైడ్‌లైన్‌గా ఇచ్చింది. గ్రూపుకి కనీసం ఐదు జంతువులు, ఒక్కో శాంపిల్‌కి కనీసం 150 కణాలు.

చదివితే వంట రెసిపీలా ఉంటుంది కానీ చేసినవాళ్లకి తెలుసు, ఎక్కడ పట్టు తప్పినా సంఖ్య మారిపోతుంది. ఎముక మజ్జ పర్వాలేదు, సిరంజితో ఫ్లష్ చేస్తే విడివిడి కణాలు వచ్చేస్తాయి. కాలేయం అలా కాదు. కత్తెరతో ముక్కలు చేయాలి, చల్లటి బఫర్‌లో ఉంచాలి. జంతువు చనిపోయిన దగ్గర్నుంచి కణాలు స్లైడెక్కే వరకు పట్టే టైమ్ అన్ని గ్రూపులకీ ఒకేలా ఉండాలి. గుండె కండరం సంగతి అడగొద్దు. దాన్ని కణాలుగా విడగొట్టేటప్పుడు మనం చేసే డ్యామేజ్, మందు చేసిన డ్యామేజ్ కలగాపులగం అయిపోతాయి. ట్యాంకులో బఫర్ మట్టం కాస్త పెరిగితే ఆంపియర్లు మారతాయి. డాక్సోరూబిసిన్‌తో ఇంకో చిక్కు: ఆ మందు దానంతట అదే ఎర్రగా మెరుస్తుంది. కణజాలం సెక్షన్లలో ఎర్ర డైతో చూసేటప్పుడు, మెరుస్తున్నదాంట్లో డై ఎంత, మందు ఎంత అని విడిగా ఒక కంట్రోల్ పెట్టుకోకపోతే అంతా గందరగోళం.

మా ల్యాబులో ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవారు. స్లైడ్ల లేబుళ్ల మీద తెల్ల టేపు అంటించి, కోడ్ షీటు తన బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. కౌంటింగ్ అయ్యేదాకా ఏ స్లైడ్ ఏ గ్రూపుదో మాకు చెప్పేవారు కాదు. కొత్తగా చేరిన ఒకబ్బాయికి ఇది అవమానంగా అనిపించింది. "మమ్మల్ని నమ్మరా అన్నా?" అని అడిగేశాడు. "నిన్ను నమ్ముతాను, నీ కన్నుని నమ్మను" అన్నారాయన. స్లైడ్ మీద వేల కణాలుంటాయి, మనం లెక్కపెట్టేది 150. ఏ మూల నుంచి మొదలుపెట్టాలో, సందేహంగా ఉన్న కణాన్ని వదలాలో తీసుకోవాలో తేల్చేది కన్నే. ఇది మందు గ్రూపు అని ముందే తెలిస్తే పెద్ద తోకలు తమంతట తామే ముందుకొస్తాయి.

లెక్కల దగ్గర ఇంకో చిలిపి పని జరుగుతుంది. ఐదు ఎలుకలు, ఒక్కోదానికి 150 కణాలు, మొత్తం 750 అని కంప్యూటరుకి చెప్తే చిన్న తేడాకి కూడా గ్రాఫు నెత్తిన మూడు చుక్కలు పడతాయి. ఒక ఎలుకలోని కణాలన్నీ ఒకే మందు, ఒకే కాలేయం, ఒకే చేతి కత్తెర చూసినవి. లెక్కలో యూనిట్ ఎలుక. అంటే ఐదు. గైడ్‌లైన్ కూడా అదే చెబుతుంది. అయినా పేపర్లలో 750 ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఇవన్నీ పనితనానికి సంబంధించినవి, జాగ్రత్తపడితే సరిపోతుంది. అసలు సమస్య పని ఎంత బాగా చేసినా పోనిది.

చిన్న తోక కూడా ప్రమాదమే

సిస్‌ప్లాటిన్‌నే చూడండి. అది డీఎన్ఏని నేరుగా తెంపదు, అతుకులు వేస్తుంది. ఆ అతుకుల్లో ఎక్కువ భాగం ఒకే పోగు మీద పక్కపక్కనున్న బేసుల (డీఎన్ఏ అక్షరాల) మధ్య పడతాయి. కొన్ని మాత్రం రెండు పోగుల్నీ కలిపి బిగించేస్తాయి. కుచ్చిళ్లకి పిన్ను పెట్టినట్టన్నమాట, లాగినా విడిపోవు. అలాంటి డీఎన్ఏకి కరెంటు ఇస్తే తోక సాగదు. అంటే దెబ్బ బాగా తగిలిన కణం స్లైడ్ మీద చక్కటి గుండ్రటి తలతో, తోక లేకుండా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. మైటోమైసిన్ సి అనే కీమో మందు కూడా అంతే.

దీనికి పరిష్కారం తెలియక కాదు. కణాల్ని స్లైడెక్కించే ముందు తెలిసిన మోతాదులో రేడియేషనో హైడ్రోజన్ పెరాక్సైడో ఇచ్చి కావాలనే తెంపుతారు. మామూలు కణంలో పెద్ద తోక రావాలి. అతుకులుంటే రావాల్సినంత రాదు. ఎంత తగ్గిందో అదే అతుకుల కొలత. లండన్‌లో జాన్ హార్ట్లీ బృందం ఈ పద్ధతితో పేషెంట్ల కణాల్లోనే క్రాస్‌లింకులు కొలిచింది. లేదంటే డీఎన్ఏ విడిగా తీసి అందులో ప్లాటినం ఎంతుందో మాస్ స్పెక్ట్రోమీటరుతో చూడొచ్చు, కచ్చితంగా ఉంటుంది, ఖర్చు కూడా ఉంటుంది.

ఇప్పుడు మామూలు కామెట్‌తో చేసిన సిస్‌ప్లాటిన్, ఆకురసం ప్రయోగం ఒకటి మీ ముందుందనుకోండి. సిస్‌ప్లాటిన్ గ్రూపులో తోకలు పెరిగాయి, రసం కలిపితే తగ్గాయి. పెరిగిన తోకలు ఎక్కడివి? అతుకుల్ని కత్తిరించి బాగుచేసే పనిలో ఉన్న రిపేర్ ఎంజైములు పెట్టిన తాత్కాలిక గాట్లు కావచ్చు. ఆక్సీకరణ ఒత్తిడి కావచ్చు. చనిపోతున్న కణాల్లో డీఎన్ఏ ముక్కలు కావడం కావచ్చు. మరి రసం వల్ల తగ్గిందేమిటి? ఆక్సీకరణ తగ్గిందా, రిపేరే తగ్గిందా, అతుకులు ఎక్కువై తోక సాగలేదా? మొదటిది మంచి కబురు, మిగతా రెండూ చెడ్డ కబుర్లు. మూడింటికీ గ్రాఫు ఒక్కలాగే ఉంటుంది. పెరాక్సైడ్ స్లైడ్లు ఒక సెట్ పక్కన పెట్టి ఉంటే తేలిపోయేది. చాలామంది పెట్టరు.

టైమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెగిన పోగులు చాలావరకు కొన్ని గంటల్లో అతుక్కుంటాయి. అందుకే గైడ్‌లైన్ చివరి డోసు తర్వాత 2 నుంచి 6 గంటల్లోపు కణజాలం తీయమంటుంది. ఒక రోజు ఆగి తీస్తే కనిపించేది మిగిలిపోయిన డ్యామేజ్, లేదా చావబోతున్న కణాలు. చాలా పేపర్లలో 24 గంటలని ఉంటుంది. కారణం సింపుల్: సాయంత్రం డోసు ఇచ్చి, మర్నాడు ల్యాబు తెరిచాక కోయడం సౌకర్యం.

మందే పనిచేయకపోతే

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది సైక్లోఫాస్ఫమైడ్ కథ. ఈ మందు ఇంజక్షన్ సీసాలో ఉన్నప్పుడు డీఎన్ఏని ఏమీ చేయదు. కాలేయంలోని సైటోక్రోమ్ ఎంజైములు దాన్ని మార్చాలి. ఆ మార్పుల చివర వచ్చే ఫాస్ఫరమైడ్ మస్టర్డ్ డీఎన్ఏకి అంటుకుంటుంది. దాంతోపాటు పుట్టే అక్రోలిన్ మూత్రాశయాన్ని కాలుస్తుంది. పెట్రీ డిష్‌లో కణాల మీద సైక్లోఫాస్ఫమైడ్ పోసి ఊరుకుంటే ఏమీ కాదు, కాలేయం ఎంజైములు విడిగా కలపాలి. దీని దెబ్బని జంతువులో కొలవాలనడానికి ఇదొక మంచి కారణం, ఒప్పుకుంటాను.

మొక్కల రసాయనాల్లో ఎన్నో ఈ ఎంజైముల్ని మందగింపజేస్తాయి, లేదా ఉసిగొల్పుతాయి. వారం రోజులు రసం తాగించిన ఎలుక కాలేయం మందుని సరిగ్గా మార్చలేకపోయిందనుకోండి. ఎముక మజ్జలో డ్యామేజ్ తగ్గుతుంది, కాలేయంలో తగ్గుతుంది, ఎక్కడ చూసినా తగ్గుతుంది. కణితి ఉంటే అందులోనూ తగ్గేది. కణితి లేదు కాబట్టి మనకి తెలియదు. మందు పనిచేయకపోవడానికి మనం ఒక గ్రాఫు గీసి, చుక్కలు పెట్టి, పేపరు రాశామన్నమాట.

ఇది ఊహాగానం అనుకోకండి, మనుషుల్లోనే జరిగింది. సెయింట్ జాన్స్ వర్ట్ అని దిగులుకి వాడే మూలిక ఒకటుంది. ఇరినోటికాన్ అనే కీమో మందు తీసుకుంటున్న ఐదుగురు పేషెంట్లలో ఈ మూలిక ప్రభావాన్ని నెదర్లాండ్స్ పరిశోధకులు చూసి 2002లో ప్రచురించారు. మూలిక తీసుకున్నప్పుడు, ఇరినోటికాన్ నుంచి తయారయ్యే అసలు పనిచేసే పదార్థం రక్తంలో 42 శాతం తగ్గింది. అప్పుడే వాళ్ల ఎముక మజ్జ కూడా తక్కువ దెబ్బతింది, రక్తకణాలు అంతగా పడిపోలేదు. పేషెంటు వైపు నుంచి చూడండి: ఆకు తిన్నాను, కౌంట్ పడిపోలేదు, ఎంత మంచి ఆకు! రక్తంలో మందు కొలవకపోయి ఉంటే డాక్టర్లు కూడా అలాగే అనుకునేవాళ్లేమో.

డీఎన్ఏ డ్యామేజ్ చూసే ఇంకో పద్ధతి మైక్రోన్యూక్లియస్ పరీక్ష. అందులోనూ ఇలాంటి ఉచ్చు ఒకటుంది. ఎముక మజ్జలో కణం విడిపోయేటప్పుడు వెనకబడిన క్రోమోజోమ్ ముక్క చిన్న బొట్టులా మిగిలిపోతుంది. ఎర్ర రక్తకణం పెద్ద కేంద్రకాన్ని బయటికి నెట్టేసినా ఆ బొట్టు ఉండిపోతుంది. ఇప్పటి గైడ్‌లైన్ ప్రకారం ఒక్కో జంతువులో 4,000 లేత ఎర్ర కణాలు చూసి బొట్లు లెక్కపెట్టాలి. బొట్టు పడాలంటే కణం విడిపోవాలి. రసం విషపూరితమై మజ్జలో విభజననే ఆపేసిందనుకోండి, బొట్లు తగ్గుతాయి, రసం కాపాడినట్టు కనిపిస్తుంది. అందుకే లేత కణాలకీ ముదిరినవాటికీ నిష్పత్తి కూడా ఇవ్వాలి. పేపరు తెరవగానే నేను మొదట వెతికేది ఆ పట్టికనే.

పిన్నికి ఇదంతా చెప్పలేదు. ఇరినోటికాన్ సంగతి మాత్రం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అంటే నాకు నీరసం తగ్గితే మందు ఎక్కట్లేదని భయపడాలా?" అంది. అలా కాదు పిన్నీ, మనిషి మనిషికీ తేడా ఉంటుంది, నీరసం తక్కువుంటే సంతోషించు అని సర్ది చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇలాంటి వాదన సగం వింటే భయం ఇంకో వైపు నుంచి పట్టుకుంటుంది. తర్వాత విజిట్‌లో డాక్టరుగారిని అడిగింది. కీమో అయ్యేదాకా ఏ రసాలూ వద్దన్నారట. మానేసింది, అయిష్టంగానే.

నిజంగా కాపాడినవి ఉన్నాయి కదా

ఇక్కడ ఎవరైనా నన్ను నిలదీయొచ్చు. కీమో దెబ్బ నుంచి మంచి కణాల్ని కాపాడే మందులు లేవా అని. ఉన్నాయి, వాటిలో కొన్నింటికి ఎలుకలే సాక్ష్యం. నా అభిప్రాయానికి బలమైన ఎదురువాదం ఇదే కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

మెస్నా ఉంది. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ వల్ల పుట్టే అక్రోలిన్‌ని మూత్రంలో పట్టుకుంటుంది. రక్తంలోకి వెళ్లగానే ఇది జంటగా కలిసిపోయి మొద్దుబారుతుంది, కిడ్నీలోకి చేరాక మళ్లీ విడిపోయి చురుకవుతుంది. అందుకే మూత్రాశయాన్ని కాపాడుతుంది, కణితి జోలికి పోదు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి చేయి ఉన్న మందు మెథోట్రెక్సేట్. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపించిన ఫోలిక్ యాసిడ్ పనిలోంచి మొదట ఎమినోప్టెరిన్ వచ్చింది, 1948లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లల మీద వాడిన ఫలితాలు ప్రచురించారు. అదే వరసలో మెథోట్రెక్సేట్. ఇది డీఎన్ఏని తాకదు, డీఎన్ఏ తయారీకి కావాల్సిన థైమిడిన్ తయారీని ఆపుతుంది. దాంతో థైమిన్ ఉండాల్సిన చోట యురాసిల్ దూరుతుంది, దాన్ని తీసేసే రిపేర్ పనిలో పోగులు తెగుతాయి. భారీ డోసు ఇచ్చినప్పుడు మంచి కణాల్ని కాపాడటానికి ల్యూకోవోరిన్ ఇస్తారు. దాన్ని మందుతో కలిపి ఇవ్వరు. మందు పనిచేయడానికి వ్యవధి ఇచ్చి, మామూలుగా 24 గంటలయ్యాక మొదలుపెడతారు. రక్తంలో మెథోట్రెక్సేట్ ఎంతుందో కొలుస్తూ డోసు, గడువు తేలుస్తారు. అంత లెక్క ఉంది కాబట్టే అది చికిత్స అయింది.

డెక్స్‌రాజోక్సేన్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. డాక్సోరూబిసిన్ వల్ల గుండె దెబ్బతినకుండా దీన్ని ఇస్తారు. ఇనుముని పట్టుకుని ఆక్సీకరణ ఆపుతుందని చాలా ఏళ్లు అనుకున్నారు. 2007లో ఒక బృందం కణాల్లో గామా హెచ్2ఏఎక్స్ అనే గుర్తుతో జంట పోగుల తెంపుల్ని చూసింది. రెండు పోగులూ ఒకేచోట తెగితే చుట్టుపక్కల ఉన్న హిస్టోన్‌కి (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్‌కి) ఫాస్ఫేట్ తగులుకుంటుంది, దాన్ని యాంటీబాడీతో రంగు చుక్కల్లా చూడొచ్చు. డాక్సోరూబిసిన్ టోపోఐసోమరేజ్ 2 బీటా అనే ఎంజైము ద్వారా ఈ తెంపులు పెడుతోందని, డెక్స్‌రాజోక్సేన్ వాటిని తగ్గిస్తోందని తేలింది. 2012లో ఇంకో బృందం గుండె కండరంలో మాత్రం ఆ ఎంజైము లేకుండా చేసిన ఎలుకలకి డాక్సోరూబిసిన్ ఇచ్చింది. వాటి గుండెల్లో డీఎన్ఏ తెంపులు తగ్గాయి, గుండె నిలబడింది. పెద్దయిన గుండె కణంలో ఉండేది బీటా రకం. జోరుగా విడిపోయే కణితి కణాల్లో ఆల్ఫా రకం ఎక్కువ. జంతువుల కణజాలంలో డీఎన్ఏ డ్యామేజ్ కొలవడం అంటే ఇలా ఉండాలని నాకనిపిస్తుంది: ఏ కణం, ఏ ఎంజైము, ఏ రకం తెంపు, అన్నీ ఒక ప్రశ్న చుట్టూ.

ఇంతా అయ్యాక కూడా డాక్టర్లు దాన్ని అందరికీ ఇవ్వలేదు. 1997లో వచ్చిన రొమ్ము క్యాన్సర్ ఫలితాల్లో, ఒక ట్రయల్‌లో డెక్స్‌రాజోక్సేన్ తీసుకున్నవారిలో కణితి తగ్గినవారు సుమారు 47 శాతం, తీసుకోనివారిలో 61 శాతం. మనుగడలో స్పష్టమైన తేడా కనిపించలేదు కానీ ఆ ఒక్క సంఖ్య చాలు, మొదటి డోసు నుంచే ఇవ్వడం మానేశారు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చిన అనుమతిలో, డాక్సోరూబిసిన్ మొత్తం 300 మి.గ్రా. చదరపు మీటరుకి చేరాకే వాడమన్నారు. అంత గట్టి ఆధారం ఉన్న మందుకి ఇన్ని అనుమానాలు, ఇన్ని షరతులు. ఆకురసానికి మాత్రం కణితి లేని ఎలుకలు చాలా?

మనుషుల దగ్గరికొస్తే

ఆకురసాలు ఎక్కువగా యాంటీఆక్సిడెంట్ల (ఆక్సీకరణని ఆపే పదార్థాల) పేరుతోనే వస్తాయి. అవి కీమోని నీరుగారుస్తాయా అన్నది ఇంకా తేలని ప్రశ్న. నా వైపు ఉన్న ఆధారాలు కూడా బండరాళ్లేమీ కావు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ ట్రయల్ ఒకదానిలో 1,134 మందిని సప్లిమెంట్ల గురించి అడిగి, 2020లో ఫలితాలు వేశారు. కీమోకి ముందు, కీమో జరుగుతుండగా కూడా యాంటీఆక్సిడెంట్లు వాడినవారిలో జబ్బు తిరగబెట్టే ముప్పు 1.41 రెట్లు. కానీ అనిశ్చితి హద్దులు 0.98 నుంచి 2.04 వరకు ఉన్నాయి, అంటే తేడా లేకపోవడానికీ కాస్త చోటుంది. పైగా ఎవరికి వాళ్లు కొనుక్కుని వాడినవి, ఎవరూ చీటీ వేసి పంచలేదు.

చీటీ వేసి పంచినది కెనడాలోని క్విబెక్‌లో జరిగింది. తల, మెడ క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిలో కొందరికి విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చారు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర. 2005లో వచ్చిన ఫలితాల్లో, రెండూ కలిపి తీసుకున్నవారికి తీవ్రమైన దుష్ప్రభావాలు తగ్గాయి. అదే సమయంలో విటమిన్ల గ్రూపులో కణితి అదే చోట తిరిగొచ్చే ధోరణి కాస్త ఎక్కువగా కనిపించింది, అదీ నిక్కచ్చిగా తేలలేదు. ఇది రేడియేషన్, కీమో కాదు. విటమిన్ మాత్ర, ఆకురసం కాదు. అవన్నీ నాకు తెలుసు. అయినా మంచి కణాలకి మేలు, కణితికీ మేలు అన్న జంట ఫలితం మనుషుల్లో సాధ్యమేనని ఇంత సూటిగా సూచించే డేటా ఇంకొకటి నా కంట పడలేదు.

ప్రకృతి సహజం కాబట్టి హాని ఉండదు అనేవాళ్లకి ఒక్క మాట. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ విపరీతంగా వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, పెద్ద రచ్చే అయింది. కీమో మందుల్ని మార్చేది, బయటికి పంపేది చాలావరకు కాలేయమే. దాన్ని దెబ్బతీస్తుందన్న అనుమానం ఉన్న దేన్నైనా ఆ నెలల్లో దూరం పెట్టడానికి నాకు ఆ వివాదం పూర్తిగా తేలక్కర్లేదు.

మరి ఎందుకు ఇలాగే చేస్తారు

చేసేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి ఉండేది కొన్ని నెలలు, చేతిలో డబ్బు అంతంత మాత్రం. సైక్లోఫాస్ఫమైడ్ దొరుకుతుంది, చౌక, మైక్రోన్యూక్లియస్ పరీక్షలో పాజిటివ్ కంట్రోల్‌గా అందరూ వాడేదే, డ్యామేజ్ గ్యారంటీగా వస్తుంది. పెరట్లో మొక్క ఉంది. రసం వల్ల తోక తగ్గిందని రాస్తే పేపరు పడుతుంది, తగ్గలేదని రాస్తే ఎవరూ వేసుకోరు. ఈ పరిస్థితిలో నేనున్నా అదే చేసేదాన్నేమో.

కణితి లేని జంతువులో కొలవడమే తప్పని కూడా అనను. కొత్త రసాయనం డీఎన్ఏకి ప్రమాదమా అని తేల్చడానికి ఆరోగ్యమైన ఎలుకే సరైనది, 489 గైడ్‌లైన్ ఉన్నది అందుకే. కీమో పూర్తయ్యాక కొన్నేళ్లకి వచ్చే రెండో క్యాన్సర్లని అర్థం చేసుకోవడానికి కూడా మామూలు మజ్జలో డ్యామేజ్ చూడాలి. ఆ ప్రశ్నలకి కణితి అక్కర్లేదు. 'పేషెంటుకి ఇవ్వొచ్చు' అన్న ప్రశ్నకే కావాలి.

కణితి మోడల్ ఖరీదు, కష్టం అనే సాకు నాకు మింగుడుపడదు. ఎర్లిక్ అసైటిస్ కార్సినోమా అనే ఎలుకల కణితి రకం మన దేశంలో ఎన్నో ల్యాబుల్లో ఉంది. అదే స్విస్ ఆల్బినో చిట్టెలుకలో పెరుగుతుంది, ఖరీదైన ప్రత్యేక జాతులు అక్కర్లేదు. కడుపులో నీరుగా పెరిగే రకంలో కణాలు ముందే విడివిడిగా ఉంటాయి, కామెట్‌కి ఇంతకంటే సులువైన శాంపిల్ దొరకదు. ఒకే జాగ్రత్త: కణితీ, ఇంజక్షనూ రెండూ కడుపులోనే అయితే మందు నేరుగా దాని మీద పోసినట్టవుతుంది. తొడలో గడ్డగా పెంచితే ఆ గొడవ ఉండదు. దానికోసం జంతువుల సంఖ్య పెంచనక్కర్లేదు కూడా. ఒకే ఎలుకలో మజ్జ, కాలేయం, కణితి మూడూ తీయొచ్చు. జంతు ప్రయోగాల కమిటీలు ఇన్ని ఎలుకలు ఎందుకని అడుగుతాయి. ఈ ఎలుకలతో ఆ ప్రశ్నకి జవాబు వస్తుందా అని కూడా అంతే గట్టిగా అడగాలి. జవాబు రాని ప్రయోగంలో పోయిన ముప్ఫై ఎలుకలు నా లెక్కలో ఊరికే పోయినట్టే.

ఇదంతా రాస్తుండగానే మా పాత ల్యాబు నుంచి ఒకమ్మాయి తన ప్రాజెక్టు సినాప్సిస్ పంపింది. "అక్కా, ఒకసారి చూసిపెట్టవా" అంటూ. ఆకు వేరు, డిజైన్ అచ్చం అదే. మార్జిన్‌లో ఎర్ర అక్షరాలతో నింపి పంపాను: మూడు డోసుల్లో రెండు తీసెయ్, ఆ ఎలుకల్ని కణితి గ్రూపులకి వాడు, మూడు గంటలకే కణజాలం తియ్, కోడ్ షీటు వేరేవాళ్ల దగ్గర పెట్టు, రక్తంలో మందు ఎంతుందో చూడు. గైడుగారు మొదట గునిశారట, తర్వాత కణితి గ్రూపులకి ఒప్పుకున్నారట. మందు ఇంకా తేల్చుకోలేదు. సిస్‌ప్లాటిన్ అయితే పెరాక్సైడ్ స్లైడ్ల సెట్ అదనంగా పెట్టాలి. నేను సైక్లోఫాస్ఫమైడే తీసుకోమన్నాను, దాని నుంచి వచ్చే పదార్థాల్ని కొలవగలిగే యంత్రం పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉందట. వాళ్లు టైమ్ ఇస్తారో లేదో కనుక్కుని చెప్తానంది. కమిటీ మీటింగ్ వచ్చే నెల.